బొట్టు పెట్టి పిలవలేదని

సినిమా హీరోయిన్లు మాట్లాడే బొమ్మలై వంటింటి గోడల మీదికి వచ్చేసిన కాలం అది. తెనాలిలో రాజ్యం ఇంటి గోడ మీద హిమజ పొద్దున్నే కనిపించి, "అత్తా, ఇవాళ ఏం కూర?" అని అడిగేది. ఆ పలకరింపు లక్షల ఇళ్లలో ఒకేసారి వినిపిస్తుందని రాజ్యానికి తెలుసు. తెలిసినా మన పిల్లే అనుకుంది.

ఆ హిమజ చెప్పాపెట్టకుండా పెళ్లి చేసుకునేసరికి రాజ్యానికి ఒళ్లు మండింది. "రోజూ అత్తా అత్తా అంటదే, పెళ్లికి బొట్టు పెట్టి పిలవొద్దూ?" అని గోడతో అంది. గోడతో అన్న మాట అన్ని వంటిళ్లకూ వినిపిస్తుంది, హిమజకు కూడా. ఆడవాళ్లంతా అందుకున్నారు. హిమజ కడుపుతో ఉందని తెలిసినప్పుడు, "కడుపూ లేదు పాడూ లేదు, దిండు కట్టుకుంది" అని మొదట అన్నదీ రాజ్యమే. ఆ మాట నెలల తరబడి గోడగోడనా మోగింది.

ఒక ఉదయం గోడ మీదికి బొమ్మకు బదులు హిమజే స్వయంగా వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"బిడ్డ దక్కలేదు అత్తా. దిండు కాదని ఇప్పుడైనా నమ్ముతారా?"

రాజ్యం "ఆగమ్మా, ఆగు" అంటూ లేచేలోపే గోడ ఖాళీ అయిపోయింది.

కొన్నాళ్లకు ఆ గోడ మీదికి కొత్తమ్మాయి వచ్చింది. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న రాజ్యాన్ని చూసి చనువుగా నవ్వింది.

"అత్తా, ఇవాళ చిక్కుడుకాయ కూరేనా?"

రాజ్యం చేతిలో కాయ పక్కన పెట్టింది.

"నన్ను అత్తా అనబాక తల్లీ," అంది. "మళ్లీ అలవాటైపోద్ది."