చీకట్లో చప్పట్లు

విట్బీ రేవు హాల్లో మా అబ్బాయి అంబ్రోజ్ ఉపన్యాసం! దీపాలార్పి, తెరమీద సముద్రజీవుల బొమ్మలు చూపిస్తున్నాడు.

"ఇది పువ్వు కాదండోయ్, ప్రాణి! రాయి దొరికితే చాలు, అంటుకుని బతికేస్తుంది."

"మా వలలో బోలెడున్నాయిలే!" అన్నారెవరో. ఇంతలో వీధిలో సర్కస్ బ్యాండు మోగింది. ఒక్కొక్కరే జారుకున్నారు. మిగిలింది నేనే.

తెలిస్తే వాడి గుండె పగిలిపోదూ? ముందు వరసలో చప్పట్లు కొట్టాను. వెనక్కెళ్లి "భలే!" అన్నాను. మూల నుంచి గొంతు మార్చి, "ఇంకోటి చూపించవయ్యా!" అని అరిచాను. ఎంత బాగా చెప్పాడో నా తండ్రి!

ఆఖరి బొమ్మ అయింది. దీపం వెలిగిస్తాడేమోనని నా భయం.

వెలిగించలేదు.

"అందరికీ కృతజ్ఞతలు," అన్నాడు చీకట్లోకి. "నాన్నా, నువ్వుండు. జనం వెళ్లాక మనిద్దరం కలిసి వెళ్దాం."

వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. జనమంతా వెళ్లేదాకా అలాగే కూర్చున్నాం, నా బంగారుకొండా నేనూ.