పాలు మాన్పించడం

టెక్కలి దగ్గర తోటలో గుర్రాలు పెంచే కమలకుమారి, తల్లి పాలు మాన్పిస్తున్న గుర్రప్పిల్లను చూడడానికి వచ్చింది. దాన్ని చూసుకునే పనిమనిషి పెద్దతల్లి అరచేతిలో బెల్లంముక్క పెట్టి చాపింది. పిల్ల ఒకసారి నాకి, మూతి విదిలించి వెనక్కి పోయింది.

కమలకుమారి వంగి ఆ చెయ్యి వాసన చూసింది. వేపాకు వాసన.

“తల్లి పొదుగుకి వేపాకు రాసీసినావేటే? నోరులేని జీవి, బెంగెట్టుకుంటాది, మెల్లగా మాన్పించమన్నాను కదా!”

“గుర్రానికి కాదమ్మా. మా బుడ్డోడి ఏడుపుకి గుర్రప్పిల్ల బెదిరిపోతంది, రేపట్నుంచి ఆడ్ని తేవొద్దని నిన్న మీరే సెప్పినారు కదా. అందుకే ఆడికి పాలు మాన్పిద్దామని, పొద్దున్న నా రొమ్ములకే రాసుకున్నాను.”

కమలకుమారి కూడా మూతి ముడిచి వెనక్కి జరిగింది.

“ఛీ! ఆ చేత్తోనా దానికి బెల్లం పెడతన్నావు? ముందెళ్లి కడుక్కురా.”