బాయిలర్ సారు చెయ్యి చేసుకున్న రోజు

మొదటి దెబ్బ బాయిలర్‌లోకి ఊక ఎగదోస్తున్న భూమేష్ చెంప మీద పడింది. చేతిలోని పార జారి ఊక కుప్పలో పడింది. ఎవరు కొట్టారో తెలిసేలోగా రెండో దెబ్బ మెడ మీద పడింది.

తిరిగి చూస్తే బాయిలర్ సారు.

ఆయన పేరు పాల్ రాజ్. బాయిలర్లు తనిఖీ చేసే అధికారి. ఏడాదికోసారి బాయిలర్‌ను చల్లార్చి, విప్పి, అధికారికి చూపించాలి. ఆయన సర్టిఫికెట్ ఇచ్చాకే మళ్లీ మంట పెట్టాలి. అది చట్టం. బోధన్ రోడ్డు పక్కనున్న ఈ ఉప్పుడు బియ్యం మిల్లుకు ఆ గడువు ఎప్పుడో తీరిపోయింది. పొద్దున ఆ సంగతి మీదే వచ్చాడు.

"మంట ఆర్పేయండి. లోపల చూడకుండా దీన్ని నడపనివ్వను" అన్నాడు.

మిల్లు యజమాని సురేందర్ నవ్వి, కారెక్కి నిజామాబాద్ వెళ్లిపోయాడు. హమాలీల మేస్త్రి హన్మాండ్లు మాత్రం నవ్వలేదు.

"పోయినేడు గూడ గిదే మాట జెప్పి మిల్లు బందు వెట్టిస్తివి సారూ. ఏమైంది? బాయిలర్‌కు ఏం గాలే. మా ఇండ్లల్ల పొయ్యిలు ఆరినయి."

"హన్మాండ్లూ, నా మాట విను..."

"ఇన్నకాడికి సాలు. నడువ్!"

రెక్క పట్టుకుని గేటు దాకా ఈడ్చుకుపోయాడు. చొక్కా చిరిగింది. కళ్లద్దాలు కిందపడితే ఎవరో కావాలనే తొక్కారు. చుట్టూ ఉన్నవాళ్లు ఈలలు వేశారు. పాల్ రాజ్ పోలీస్ స్టేషన్‌కు వెళ్లాడు. సాయంత్రం దాకా ఎవరినీ పంపలేమన్నారు వాళ్లు.

అన్నాల వేళకు ఒక్కడే తిరిగొచ్చాడు. షెడ్డు గుమ్మంలో ఒక్క క్షణం నిలబడి లోపల బాయిలర్ వైపు చూశాడు. ఆ వెంటనే భూమేష్ మీద పడ్డాడు.

"ఎందుకు కొడ్తున్నవ్ సారూ!"

భూమేష్ కాలర్ పట్టి వెనక తలుపులోంచి బయటికి విసిరేశాడు. షెడ్డు గోడవారగా కూర్చుని హమాలీలు సద్ది విప్పుకుంటున్నారు. పాల్ రాజ్ వాళ్ల వైపు తిరిగాడు. హన్మాండ్లు ముందున్న గిన్నెను కాలితో తన్నాడు. అన్నం, పప్పు బూడిదలో కలిసిపోయాయి. ఇంకో గిన్నె. ఇంకోటి.

ఒక్క క్షణం ఎవరికీ నమ్మబుద్ధి కాలేదు.

అప్పుడు తిట్లు మొదలుపెట్టాడు. తల్లులను తిట్టాడు, పెళ్లాలను తిట్టాడు. ఆదివారం చర్చిలో ముందు వరుసలో నిలబడి పాటలు పాడే మనిషి నోట రాకూడని మాటలు, బాయిలర్ మోతను మించి అరుస్తూ తిట్టాడు.

"పొద్దుగాల సిగ్గు వోయిందని ఇప్పుడు మా మీద పగ వట్టిండు. పట్టుండ్రి వాణ్ని!" హన్మాండ్లు కట్టె అందుకున్నాడు.

పాల్ రాజ్ మిల్లు వెనకున్న చెరుకు తోటలోకి పరుగెత్తాడు. అందరూ వెంటపడ్డారు. వాచ్‌మన్ రాజనర్సు కూడా గేటు వదిలేసి ఉరికాడు. విసిరిన రాయి ఒకటి పాల్ రాజ్ తలకు తగిలింది. రక్తం కంట్లోకి కారింది. ఆగలేదు. తోట నడుమకు వెళ్లాక చెరుకుల మధ్య మాయమయ్యాడు.

వాళ్లు వెతుకుతుంటే వెనకనుంచి ఆడమనిషి అరుపు వినపడింది.

సవిత. హన్మాండ్లు చెల్లెలు. మిల్లులో ఊక ఊడుస్తుంది. అందరూ పరుగెత్తినా ఆమె ఒక్కతే షెడ్డు దగ్గరే ఉండిపోయి, బోర్లాపడ్డ గిన్నెలు ఏరుతోంది. పాల్ రాజ్ చాటుగా వెనక్కి వెళ్లి ఆమె జుట్టు పట్టుకున్నాడు. ఆమె చేతిలోని గిన్నెతో ముఖం మీద కొట్టింది. ముక్కు పగిలింది. వదల్లేదు. చేతిని ఎముక దాకా కొరికింది. అయినా వదల్లేదు. మోకాళ్లు గీరుకుపోతున్నా చెరుకు తోటలోకి బరబరా ఈడ్చుకొచ్చాడు.

ఆ తర్వాత అక్కడ ఎవరూ మనుషుల్లా లేరు.

"నా చెల్లె మీద చెయ్యేస్తవురా!"

హన్మాండ్లు కట్టె భుజం మీద పడింది. భూమేష్ కడుపులో తన్నాడు. కింద పడేసి తొక్కారు. చెయ్యి విరిగిన చప్పుడు అందరికీ వినపడింది. సవిత ముఖాన ఉమ్మింది. పాల్ రాజ్ ఒక్కసారి కూడా తిరిగి చెయ్యెత్తలేదు. వాచిన కంటిని బలవంతాన తెరిచి, తన చుట్టూ మూగిన ముఖాలను ఒక్కొక్కటే చూశాడు.

"లోపల... ఇంకా ఎవరైనా ఉన్నారా?"

"ఎవ్వలు లేరు. నీకు అడ్డమొచ్చెటోడు ఎవ్వడు లేడు. నిన్ను సంపెతందుకు అందరం ఈడనే ఉన్నం."

పాల్ రాజ్ సవిత కాలు పట్టి గుంజి కింద పడేశాడు. ముఖం మట్టిలో పెట్టుకున్నాడు.

హన్మాండ్లు రెండు చేతులా కట్టె ఎత్తాడు. అది దిగేలోగా వాళ్ల వెనక బాయిలర్ పేలి, ఇందాక వాళ్లంతా గోడవారగా అన్నాలకు కూర్చున్న షెడ్డు ఇటుకలతో, రేకులతో ఆకాశంలోకి లేచిపోయింది.