కొలత సున్నా

విశాఖలో పిల్లల ఆసుపత్రి కొత్త భవనం ముందున్న ఎర్రటి ఫైర్ కుళాయి దగ్గర ఫైర్ ఇన్‌స్పెక్టర్ కనకరత్నం ఆగింది. ఊళ్లో ఇలాంటి కుళాయి ఎవరైనా విప్పి చూసి పన్నెండేళ్లయింది. ఏ వీధిలో నీళ్లు ఎంత జోరుగా వస్తాయో ఇప్పుడు కంప్యూటరే లెక్కగట్టి చెబుతోంది. మంటలార్పే స్ప్రింక్లర్లన్నీ ఆ లెక్క మీదే బిగిస్తున్నారు.

"పదహారో అంతస్తు దాకా నీళ్లెక్కుతాయని లెక్క వచ్చేసింది మేడమ్. మీ సంతకమే మిగిలింది," అంది ఇంజనీరు హిమజ.

"ఎక్కితే మంచిదేనమ్మా. ఓపాలి నా కళ్లతో సూడనీ," అంటూ కనకరత్నం సంచిలోంచి పానా తీసింది. తుప్పు పట్టిన మర మూడోసారికి గాని కదల్లేదు.

ముందు గాలి బుసకొట్టింది. తర్వాత తుప్పునీళ్లు చెంబెడు కారి ఆగిపోయాయి.

నాలుగో అంతస్తులో అప్పటికే పిల్లల్ని చేర్చుకున్నారు. కిటికీలోంచి ఒక తల్లి తన బిడ్డకు రోడ్డు చూపిస్తోంది. కనకరత్నం ట్యాబ్‌లో కొలత సున్నా అని నమోదు చేసింది. వెంటనే కంప్యూటర్ నుంచి జవాబొచ్చింది: "మీ కొలత పొరపాటు. ఈ వీధిలో నీటి జోరు బాగుంది."

ఆమె సంతకం పెట్టలేదు. సాయంత్రంలోగా పిల్లల్ని వేరే ఆసుపత్రికి మార్చాలని కాగితం మీద రాసిచ్చింది.

హిమజ కుళాయి వైపే చూస్తూ మెల్లగా అడిగింది. "మేడమ్, మా అపార్ట్‌మెంటు ముందు కూడా ఇలాంటిదే ఉంది. అదీ తిప్పి చూద్దామా?"