ఏ దేశం నయం?

కాలేజీ వాళ్ళిచ్చిన ఫారం పట్టుకుని యశస్విని దువ్వాడ నుంచి జాలారిపేట వచ్చింది. రెండు దేశాల్లో బతుకు ఎలా ఉందో పోల్చి రాయాలి. బంగ్లాదేశ్‌లో పద్నాలుగు నెలలుండి వచ్చిన తాతబాబు గుమ్మంలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు.

"మంచినీళ్ళెలా వస్తాయి బాబాయ్?"

"ఇక్కడ లారీ. ఎప్పుడొస్తాదో దానికే తెలీదు. అక్కడ కొళాయి. పొద్దున్నా సాయంత్రం వొచ్చీది."

"తిండి?"

"ఇక్కడ సేపలు పడితే తింటాం. అక్కడ రెండుపూట్లా టైముకి అన్నం పెట్టీవోరు."

డాక్టరు వారం వారం వచ్చేవాడట. ఫ్యాను ఆగేదే కాదట. సొంత దేశం ఓడిపోతుంటే యశస్వినికి నచ్చలేదు గానీ అన్నీ రాసుకుంది.

"మరి ఊళ్ళెలా ఉంటాయి?"

"ఊళ్ళు నాను సూడ్లేదమ్మా. సేపల యెనకాల ఎల్లి సముద్రంలో బోర్డరు దాటీసినాం. పద్నాలుగు నెల్లూ జైల్లోనే ఉన్నాను."

యశస్విని రాసిందంతా కొట్టేయబోయింది.

"కొట్టీకమ్మా," అన్నాడు తాతబాబు. "మమ్మల్ని వొదిలీసిన రోజు, బోర్డరు కాడ మాకు బదులు మనోళ్ళు అటు పంపీసినోళ్ళలో ఆళ్ళ జాలారోడొకడు ఎదురొచ్చినాడు. మన ఇశాపట్నం జైల్లో రెండేళ్ళున్నాడంట. తెలుగు మనకి మల్లే మాటాడతన్నాడు. నా సెయ్యి పట్టుకుని ఏటన్నాడో తెల్సా? 'మీ దేశంలో రెండుపూట్లా అన్నం, ఆగని ఫ్యాను. నానేమో మా ఇంటికి పోవాల. నీకేటి బావా, అదృష్టవంతుడివి, ఆ దేశమే ఎల్తన్నావు' అన్నాడు."