రెండు ముక్కలు

ముఖ్య అతిథి ఇంకా రాలేదు.

పదింటికల్లా ఉంటానన్న పెద్దమనిషికి పదకొండున్నరైనా తీరిక చిక్కినట్టు లేదు. కోదండరామయ్య మాస్టారు బంతిపూల దండ చేత్తో పట్టుకుని, గేటుకీ హాలుకీ మధ్య కాళ్ళరిగేలా తిరుగుతున్నారు.

బందరులో ఆ బాలుర హైస్కూలు ఏటా జరిపే 'అంజి స్మారక వక్తృత్వ పోటీ' అది. మొదలుపెట్టింది మాస్టారే. వచ్చే నెలలో ఆయన రిటైరవుతున్నారు. తన చేతులమీదుగా జరిగే ఈ ఆఖరి పోటీలోనైనా, తన శిష్యుడు అంజి గురించి బాగా మాట్లాడగలిగినవాళ్ళు నాలుగు మాటలు చెబితే వినాలని ఆయన ఆశ.

గేటు దగ్గర ఎవరో చేతులు జోడించి నిలబడ్డాడు. నెరుస్తున్న గడ్డం, ఎండకి మాడిన మొహం, ఉతికిన తెల్ల చొక్కా.

"మాస్టారూ, బాగున్నారా అండీ?"

"అతిథిగారి తరఫున వచ్చారా?"

"కాదండీ. ఒరిస్సాలో, పారాదీప్‌లో చేపల బోట్ల మీద పని చేస్తానండీ. చిన్నప్పుడు ఇక్కడే సదువుకున్నాను. నేను..."

"సంతోషం బాబూ. లోపలికెళ్ళి కూర్చోండి, తర్వాత మాట్లాడుకుందాం. అదుగో, ఆ జీపు మనకేనేమో!"

ఆ జీపు ఆగకుండా వెళ్ళిపోయింది.

ఇక లాభం లేదని హెడ్మాస్టరుగారు సభ మొదలుపెట్టించారు. ముందు అంజి పటానికి దండ. తర్వాత ఒక నిమిషం మౌనం. పిల్లలంతా లేచి తలలు వంచారు. చివరి బెంచీ దగ్గర ఆ బోటు మనిషీ లేచాడు గానీ, తల మాత్రం వంచలేదు. గుడ్లప్పగించి పటాన్నే చూస్తున్నాడు.

మాస్టారికి మాత్రం కళ్ళు మూసుకోగానే అంజి కనిపించాడు.

నాగాయలంక అవతల, సముద్రం ఒడ్డున చేపలు పట్టుకునేవాళ్ళ పిల్లాడు. హాస్టల్లో ఉండి చదివేవాడు. మైకు అక్కర్లేని గొంతు. స్టేజీ ఎక్కాలంటే ముందు చెప్పులు మెట్ల కింద విప్పేవాడు. వంగి చెక్కని ముట్టుకుని, చెయ్యి కళ్ళకద్దుకునేవాడు. ఇదేం భక్తిరా అంటే, "మావోళ్ళు పడవెక్కేటప్పుడు ఇలాగే సేస్తారండి. నాకు ఇదే పడవ" అనేవాడు.

పదో తరగతిలో వక్తృత్వంలో మొదటి బహుమతి కొట్టాడు. మర్నాడు పొద్దున్నే, "ఈ కప్పు మీ అమ్మకి చూపించి రారా" అని బస్సెక్కించింది మాస్టారే. ఆ సాయంత్రమే డెబ్బై ఏడు ఉప్పెన. ఆ పల్లె మిగల్లేదు. అంజి ఏమయ్యాడో చెప్పేవాళ్ళు కూడా మిగల్లేదు.

'నేను పంపకపోతే బతికుండేవాడు.' ఇరవై రెండేళ్ళుగా ఆ మాట ఆయన్ని కంటినిండా నిద్రపోనివ్వలేదు. ఈ పోటీ అంతా ఆ బాధలోంచి పుట్టిందే.

'వరి మేలా, రొయ్యల చెరువు మేలా' అన్నది ఈ ఏటి పోటీ అంశం. పిల్లలు పోటాపోటీగా మాట్లాడారు. సుహైల్ అనే కుర్రాడు వరి పక్షాన నిలబడి హాలంతా చప్పట్లు కొట్టించాడు. న్యాయనిర్ణేతలు మార్కులు కూడుకుంటున్నారు. అతిథి జాడ లేదు. ఎవరిచేతనైనా మాట్లాడించమని హెడ్మాస్టరుగారు సైగ చేశారు.

మాస్టారికి చివరి బెంచీ గుర్తొచ్చింది.

"మన పాత విద్యార్థి ఒకాయన వచ్చారు. మీకు రెండు ముక్కలు చెబుతారు. రండి బాబూ, మొహమాటపడకండి!"

అంతలో బయట హారను మోగింది. మాస్టారు కిటికీలోంచి తొంగి చూశారు. గ్యాసు బండి. వెనక పిల్లలు గొల్లున నవ్వారు. ఆయన తిరిగి చూసేసరికి ఆ మనిషి మైకు ముందు ఉన్నాడు, రెండు చేతులతో స్టాండు పట్టుకుని.

"నేను..."

మైకు కీచుమంది.

"నేను... మాస్టారూ... నేను..."

మాట పెగల్లేదు. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. పిల్లలు మళ్ళీ నవ్వారు.

మాస్టారికి జాలేసింది. కాస్త విసుగూ వచ్చింది. మైకు అందుకున్నారు.

"ఫరవాలేదు, దిగండి బాబూ. చూశారర్రా, సభలో నోరు విప్పడం ఎంత కష్టమో! అదే మా అంజి ఉండుంటేనా, ఈ హాలు దద్దరిల్లిపోయేది!"

ఆ మనిషి ఆయనకేసి చూశాడు. వంగి కాళ్ళకి దణ్ణం పెట్టాడు. మాస్టారు ఇబ్బందిగా వెనక్కి జరిగి, "సరే సరే, మంచిది" అన్నారు. అతను పక్క తలుపులోంచి బయటికి నడిచాడు.

మరో అరగంటకి నిజంగానే జీపు వచ్చింది. అతిథిగారు దిగుతున్నారు. మాస్టారు దండ సర్దుకుంటుండగా సుహైల్ పరిగెత్తుకొచ్చాడు.

"సార్, ఇందాకటాయన చెప్పులు వదిలేసి వెళ్ళిపోయారు."

"ఎక్కడున్నాయిరా?"

"మెట్ల కింద సార్. అక్కడ విప్పేసి, చెక్కకి దణ్ణం పెట్టుకుని మరీ ఎక్కారు. అందుకే మాకు నవ్వొచ్చింది."

మాస్టారి చేతిలోంచి దండ జారిపోయింది.

"ఎటు... ఎటు వెళ్ళాడ్రా?"

"కోనేరు సెంటర్ వైపు సార్. చాలాసేపైంది."

"దండ, మాస్టారూ, దండ!" అని హెడ్మాస్టరుగారు కేకేస్తున్నారు. కోదండరామయ్యగారికి వినపడలేదు. అరిగిపోయిన ఆ చెప్పుల్ని రెండు చేతులా పట్టుకుని, అతిథిగారి పక్కనుంచే దాటుకుంటూ రోడ్డు మీదికి పరిగెత్తారు. ఎండలో రోడ్డు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఖాళీగా ఉంది.

'నేను... నేను...' అంటూ ఆగిపోయిన ఆ మనిషి చెప్పలేకపోయిన పేరు, ఇరవై రెండేళ్ళుగా తాను దండ వేస్తున్న పటం కింద రాసుందని ఆయనకి అప్పుడు తెలిసింది.