పేలు చూసుకునే వరస

రాతిగుట్ట మీద దుంపలు దొరక్క, ముళ్లపందుల కుటుంబం ఒకటి చింతతోపుకు వలస వచ్చింది. వాళ్ల అమ్మాయి సూదమ్మను అక్కడి కోతుల బడిలో, పై తరగతిలో చేర్చారు.

ఆ బడికి ఒక అలవాటు ఉండేది. మధ్యాహ్నం గంట కొట్టగానే కోతిపిల్లలన్నీ ఒకదాని వెనక ఒకటి కూర్చుని, ముందున్నదానికి పేలు చూసేవి. చేతులు చూసేది పేలే అయినా నోళ్లు చెప్పేది కబుర్లు. అంటే, ఆ వరసలో చోటు లేకపోతే స్నేహితులు లేనట్టే.

"నేనూ కూర్చోనా?" అని సూదమ్మ అడిగింది.

"వీపు నున్నగా చేసుకుని రావే, చూద్దాం," అంది వరసకు పెద్దయిన గంతులి.

మర్నాడు సూదమ్మ ముళ్లన్నీ అణిచి, బంకమట్టి మెత్తుకుని, కొత్త కుండలా వచ్చి కూర్చుంది. గంతులి గోకింది. మట్టి పెచ్చులూడి ముళ్లన్నీ ఒక్కసారిగా లేచాయి.

"అమ్మో!" అంటూ గంతులి చెట్టెక్కేసింది. ఆ కంగారులో దాని తోక ముళ్ల మధ్య నుంచి దూసుకుపోయింది. చూసుకుంటే తోకలో ఒక్క పేను లేదు!

"ఒసేయ్, ఇది పేలదువ్వెనే!"

క్షణంలో కోతులన్నీ తోకలు పట్టుకుని సూదమ్మ చుట్టూ మూగాయి. "ముందు నాకు!" "తప్పుకోరా, నాకు!"

సూదమ్మ కదల్లేదు. "దువ్వెన పని చెయ్యడానికి రాలేదు నేను. వరసలో కూర్చోడానికి వచ్చాను. ముందు నాకెవరు చూస్తారు?"

కోతులు తోకలు వదిలేసి ఒక్కడుగు వెనక్కి వేశాయి. చివరికి గంతులి పొడవాటి పుల్లొకటి విరుచుకుని చెట్టు దిగి, సూదమ్మ వెనక మూరెడు దూరంలో కూర్చుంది.

"కదలకే తల్లీ," అంది. "ఊఁ, చెప్పు. మీ గుట్ట మీద కబుర్లేమిటి?"